దారిలేని కాన్యన్‌లోకి ఇద్దరే దిగుతున్నారా? వెనక్కి ఎక్కడం ముందు చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: ఇద్దరు స్నేహితులు, ట్రయల్ (కాలిబాట) అంటూ లేని ఓ కాన్యన్, అంటే నిటారు గోడల మధ్య ఇరుకు లోయ. పైఅంచు నుంచి దిగి, వాగు అడుగు వెంబడే నడిచి, కింద ఉన్న ట్రయల్‌లో తేలాలి. మ్యాప్‌లో పొడవు 6 కిలోమీటర్లు. మీ ఫ్రెండ్ జిమ్‌లో వాల్ క్లైంబింగ్ చేస్తాడు, మీకు మామూలు ట్రెక్కింగ్ అలవాటు. దగ్గర 20 మీటర్ల తాడు ఉంది. మూడు గంటల్లో అయిపోతుందని మీ అంచనా. ఈ ప్లాన్ సరిపోతుందా?

సరిపోదు. అలాగని వెళ్లొద్దనడం లేదు. అదే కాన్యన్‌కి వెళ్లండి, కాకపోతే పైనుంచి కాదు. కింద ట్రయల్ దగ్గర మొదలుపెట్టి వాగుకి ఎదురెక్కండి. ఎక్కడ ముందుకు సాగదో అక్కడ ఆగి, వచ్చిన దారినే వెనక్కి వచ్చేయండి. ఆ రాయి ఎలాంటిదో, ఆ వాగు స్వభావం ఏమిటో తెలిశాక, ఇంకో రోజు పైనుంచి దిగే సంగతి ఆలోచించవచ్చు.

ఎందుకంటే, మామూలు కొండ ఎక్కేటప్పుడు ఓపిక అయిపోతే వెనక్కి తిరుగుతాం, దిగడమే కాబట్టి ఎలాగో వచ్చి పడతాం. కాన్యన్‌లో ఈ లెక్క తిరగబడుతుంది. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు దిగుతాం, సత్తువ అయిపోయాక ఎక్కాల్సి వస్తుంది. మధ్యలో ఓ 3 మీటర్ల నున్నటి బండ మీంచి కూర్చుని జారారనుకోండి. జారడానికి రెండు సెకన్లు. అది తిరిగి ఎక్కలేనిదైతే ఆ క్షణం నుంచి మీకు ముందుకు పోవడం ఒక్కటే మిగులుతుంది. కాస్త ముందు 15 మీటర్ల నిలువు డ్రాప్ ఉంటే వెనక్కి ఎక్కలేరు, కిందికి దిగలేరు. ఎలుకబోనులోకి దూరడం ఎప్పుడూ సులువే. ఇలాంటి చోట ఇరుక్కున్న వాళ్లకి ఒంటిమీద గాయం కూడా ఉండకపోవచ్చు. అక్కడి నుంచి కదలలేరు, అంతే.

ఇక మూడు గంటల సంగతి. నడక సమయం లెక్కగట్టడానికి 1892లో విలియం నేయ్‌స్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది: గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ అదనంగా ఒక గంట. అది కాలిబాట మీద పనికొచ్చే లెక్క. కారంత బండలు పరుచుకున్న వాగులో గంటకి ఒక కిలోమీటరు సాగితే నేను మంచి వేగమే అంటాను. చేతులు వాడాల్సిన చోట్లు నాలుగైదు తగిలితే అదీ ఉండదు. కాబట్టి మీ 6 కిలోమీటర్లకి పూర్తి పగలు పెట్టుకోండి. పగలు కూడా కాన్యన్ అడుగున పొట్టిదే. గోడలు ఎత్తుగా ఉంటే పైన ఇంకా ఎండ ఉండగానే కింద మసకబారుతుంది. కింది నుంచి ఎదురెక్కితే ఉన్న సమయంలో సగం దాటకముందే వెనక్కి తిరగాలి. పైనుంచి దిగి మళ్లీ పైకే రావాలంటే దిగడానికి మూడో వంతు, ఎక్కడానికి మిగతా రెండొంతులు. ఏ గంటకి తిరగాలో బయల్దేరే ముందే ఇద్దరూ అనుకోండి. "ఆ మలుపు దాటాక చూద్దాం" అనే మాట మాత్రం రానివ్వకండి, మలుపు తర్వాత ఇంకో మలుపు ఉండనే ఉంటుంది.

మ్యాప్ మీద మీకు నమ్మకం ఎక్కువున్నట్టుంది, అందుకే ఈ ముక్క. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసే కాంటూర్ గీతల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు ఉన్న మ్యాప్‌లో 18 మీటర్ల నిలువు గోడ అసలు కనపడకుండా దాక్కోగలదు. రెండు గీతల మధ్య అది మామూలు వాలులాగే కనిపిస్తుంది. శాటిలైట్ ఫోటో కూడా ఇరుకు కాన్యన్లలో పెద్దగా పనికిరాదు. పైనుంచి తీసిన బొమ్మలో నిలువు గోడ ఒక సన్నటి గీత, మిగతాదంతా నీడ. మ్యాప్ కన్నా రాతి పొరలు చదవడం ఎక్కువ ఉపయోగం. మెత్తటి పొర అరిగి వాలుగా మారుతుంది, గట్టి పొర గోడగా నిలబడుతుంది. అందుకని ఎదుటి గోడ మీద ఒక గట్టి పొర అడ్డంగా పట్టీలా కనిపిస్తే, వాగు ఆ పొరను దాటేచోట డ్రాప్ ఉంటుందని అనుకుని నడవండి. గ్రాండ్ కాన్యన్‌లో రెడ్‌వాల్ అనే సున్నపురాతి పొర ఇలాంటిదే, చాలాచోట్ల 150 మీటర్లకు మించిన గోడ. అక్కడ ట్రయల్ వదిలి 12,000 మైళ్లకు పైగా తిరిగిన లెక్కల ప్రొఫెసర్ హార్వే బుచార్ట్ వెతుకులాటలో పెద్ద భాగం ఆ పొర ఎక్కడ తెగిందో, ఎక్కడ విరిగి పడిందో కనుక్కోవడమే. గోడ నిలువునా పగిలిన చోట, ఒక పక్క పొర జారి కిందికి కుంగిన చోట దారి దొరికే అవకాశం ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇద్దరే ఉన్నప్పుడు ఒక మెట్టు, అంటే చేతులు వాడి దిగాల్సిన రాతి అంచు, ఎలా దిగాలి?

చాలామంది చేసేది, బాగా ఎక్కగలిగినవాడు ముందు దిగి, కింద నిలబడి "రా రా, ఏం కాదు" అని పిలవడం. నా పద్ధతి దీనికి పూర్తిగా ఉల్టా. తక్కువ నైపుణ్యం ఉన్న మనిషి, అంటే మీరు, ముందు దిగాలి. మీ ఫ్రెండ్ పైన స్థిరంగా కూర్చుని, కాళ్లు గట్టిగా తన్నిపెట్టి, తాడుతో మిమ్మల్ని పట్టుకోవాలి. కూర్చునే చోటు నమ్మకంగా లేకపోతే, కదలని బండకి స్లింగ్ అనే గట్టి పట్టీ చుట్టి దాని నుంచి పట్టుకోవాలి. బ్యాగులు విడిగా తాడుతో దించండి, వీపు మీద బరువుతో దిగకండి. మీరు కిందికి చేరాక, ఆ తాడు ఇంకా ఒంటికి ఉండగానే, అదే మెట్టు మళ్లీ పైకి ఎక్కి చూడండి. తాడు మీద బరువు వేయకుండా ఎక్కగలిగితే అప్పుడు మీ ఫ్రెండ్ దిగవచ్చు. ఎక్కలేకపోతే ఆ రోజుకి మీ ట్రిప్ అక్కడితో అయిపోయింది, అతను పైనుంచి తాడుతో మిమ్మల్ని లాగి తోడు చేస్తాడు, ఇద్దరూ వెనక్కి. ఇద్దరిలో బలంగా ఎక్కేవాడు పైన ఉన్నంతసేపే ఈ పరీక్ష సాధ్యం. అతను ముందే కిందికి దిగిపోతే మీకు పైనుంచి సాయం చేసేవాళ్లు ఎవరూ ఉండరు.

చివరగా దిగేవాడికి పైనుంచి తాడు ఉండదు కాబట్టి బాగా దిగగలిగినవాడే చివర ఉండాలి. మీరు కింద నిలబడి అతని పాదం ఎక్కడ పెట్టాలో చెప్పండి, కింద నుంచి మీకు కనపడేది అతనికి కనపడదు. వాలు తక్కువైతే ముఖం బయటికి పెట్టి, ఇంకా ఎక్కువైతే పక్కకి తిరిగి, నిలువుగా ఉంటే ముఖం రాతివైపు పెట్టి దిగాలి. భయం వేసినకొద్దీ మనిషి రాతికి అతుక్కుపోతాడు, దాంతో కాళ్లు జారతాయి. నడుము కాస్త బయటికి ఉంచితే బరువు పాదాల మీద పడుతుంది.

దూకడాలు, జారడాలు, నీళ్లలోకి గెంతడాలు ఈ పరీక్షకి అందవు. తిరిగి ఎక్కే వీలు లేదని తెలిసే చేసే పనులవి. ముందున్న దారంతా ఖాయంగా తెలిసినవాళ్లకి తప్ప అవి వద్దు. "పోయినేడు ఎవరో వెళ్లి ఫోటోలు పెట్టారు" అంటే తెలిసినట్టు కాదు. ఒక్క వరదకి మడుగు అడుగున ఇసుక కొట్టుకుపోయి, నడుము లోతు కాస్తా ఈదాల్సిన లోతు అవుతుంది. మెట్టులా వాడిన దుంగ ఉండదు.

పైకి ఎదురెక్కేటప్పుడు కూడా ఒక మోసం ఉంది. ఎక్కేటప్పుడు పట్టులు కళ్ల ముందుంటాయి, అదే చోట దిగేటప్పుడు పాదం కింద ఏముందో కనపడదు. ఎక్కినంత సులువుగా దిగలేం. కాబట్టి అక్కడ బలమైనవాడు ముందు ఎక్కి, మీకు తాడు వేసి, మీరు ఎక్కాక ఆ తాడు ఒంటికి ఉండగానే మీరు ఒకసారి దిగి చూడాలి. పద్ధతి అదే, దిశ మారిందంతే.

రెండు గోడల మధ్య ఇరుక్కుని వేలాడే బండలంటే ప్రత్యేకంగా జాగ్రత్త. చూడ్డానికి వందేళ్లుగా కదలనట్టు ఉంటాయి. 2003 ఏప్రిల్‌లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో బ్లూజాన్ కాన్యన్‌లో ఆరన్ రాల్స్టన్ అలాంటి బండ మీంచి దిగుతుంటే అది కదిలి, అతని కుడిచేతిని గోడకేసి నొక్కేసింది. ఒంటరిగా వెళ్లాడు, ఎక్కడికెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు. అయిదు రోజులకు పైగా అక్కడే ఉండి, చివరికి తన చెయ్యి తనే కోసుకుని బయటపడ్డాడు. రెండో మనిషి ఉంటే బండ కదలకుండా ఉండేదని కాదు, కబురు మాత్రం బయటికి చేరేది. అలాంటి బండ మీద బరువు వేసేముందు మడమతో తన్ని, చేత్తో ఊపి చూడండి. దాన్ని పట్టుకుని వేలాడాల్సి వస్తే మీ శరీరం దాని కింద ఉండకుండా చూసుకోండి.

జిమ్ అనుభవం గురించి. పనికొస్తుంది, కాళ్ల మీద బరువు పెట్టడం తెలుస్తుంది, ఎత్తంటే భయం తగ్గుతుంది. జిమ్‌లో లేనిది ఊడివచ్చే రాయి. గోడకి బిగించిన పట్టు ఊడదని ఒంటికి అలవాటైపోతుంది. ఆ అలవాటుతో కాన్యన్‌లో చెయ్యేస్తే పట్టు చేతిలోకి వచ్చేస్తుంది. మీ ఫ్రెండ్‌కి చెప్పండి: పట్టుకునే ముందు ప్రతి పట్టునీ అరచేత్తో తట్టాలి, డొల్లగా మోగితే వదిలేయాలి, బయటికి లాగకుండా కిందికి నొక్కి పట్టాలి. రెండు కాళ్లు, రెండు చేతుల్లో ఎప్పుడూ మూడు రాతి మీద ఉండాలి. ఇసుకరాయి అయితే ఇంకో సంగతి, తడిస్తే దాని బలం బాగా తగ్గిపోతుంది. వాన పడ్డాక కనీసం ఒక రోజు, గట్టి వానైతే రెండు మూడు రోజులు ఆగుతారు క్లైంబర్లు. పైపొర ఆరినట్టు కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది.

రాళ్లు జారే వాలుల్లో ఇద్దరూ ఒకరి కింద ఒకరు దూరదూరంగా ఉండటం అన్నిటికన్నా ప్రమాదకరం. పై మనిషి కాలికింద కదిలిన రాయి కిందివాడిని చేరేసరికి వేగం అందుకుంటుంది. ఇద్దరూ చేయి అందేంత దగ్గరగా కదలండి, లేదా ఒకరు గోడ చాటున ఆగి రెండోవారు పూర్తిగా దాటాక కదలండి. రాయి కదిలితే ఎంత చిన్నదైనా "రాయి!" అని గట్టిగా అరవాలి. ఆ అరుపు విన్నవాడు తలెత్తి చూడకూడదు, గోడకి అంటుకుపోవాలి. హెల్మెట్ ఇద్దరికీ తప్పనిసరి, ఇందులో చర్చ లేదు.

మీ తాడు విషయానికొస్తే, పై పద్ధతిలో వాడుకోవడానికి 20 మీటర్లు చాలు. ర్యాపెల్ చేయడానికి, అంటే బరువంతా తాడు మీదే వేసి దిగడానికి, చాలదు. దిగాక కిందికి లాగేసుకునే వీలుగా తాడు రెండు మడతలు వేస్తే దిగగలిగేది 10 మీటర్లే. అసలు దిగాక తాడు కిందికి లాగేసుకున్నారంటే తిరిగి ఎక్కే దారి మీ చేత్తో మీరే తీసేసినట్టు. "తాడు ఉంది కదా, దిగేద్దాం" అనే మాట ఇద్దరికీ ఎప్పుడో ఒకప్పుడు నోటిదాకా వస్తుంది. ర్యాపెలింగ్ నేర్పించేవాళ్ల దగ్గర నేర్చుకోనంతవరకు ఆ మాట పక్కన పెట్టండి, చదివి నేర్చుకునే పని కాదది. తాడు పైన కట్టేసి వదిలి, వచ్చేటప్పుడు పాకుతాం అనుకునేవాళ్లూ ఉన్నారు. కాలికి పట్టు లేని చోట సన్నటి తాడు మీద చేతుల బలంతో పైకి పాకడం చాలామంది వల్ల కాదు. నేలమీద ఓ చెట్టుకి కట్టి ప్రయత్నించి చూడండి, నా మాట నిజమని నమ్మకం కుదురుతుంది.

వరద గురించి మీరు అడగలేదు. నేనైతే అక్కడే మొదలుపెడతాను. కాన్యన్‌లో వాన మీ నెత్తిన పడాల్సిన పనిలేదు. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని లోయర్ యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది పర్యాటకులు ఆకస్మిక వరదకి చనిపోయారు. వాళ్లున్న చోట చెప్పుకోదగ్గ వాన లేదు, గాలివాన ఎగువన ఎక్కడో మైళ్ల దూరంలో కురిసింది. ఎడారిలోనే ఇలా జరుగుతుందనుకోకండి. 1999 జులై 27న స్విట్జర్లాండ్‌లో సాక్సెటెన్‌బాఖ్ అనే వాగులో కాన్యనింగ్‌కి దిగిన గుంపులో 21 మంది పోయారు, వాళ్ల వెంట గైడ్లు కూడా ఉన్నారు. నీటి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది, అందుకే మోకాలి లోతు నీళ్లు కూడా మనిషిని పడేస్తాయి.

కాబట్టి వాతావరణం చూసేటప్పుడు కాన్యన్ ఉన్న చోటు ఒక్కటే చూస్తే చాలదు, ఆ వాగులోకి నీళ్లు చేరే పరీవాహక ప్రాంతం మొత్తం చూడాలి. మ్యాప్‌లో దాని సరిహద్దు పెన్నుతో గీసుకోండి. ఆ గీత లోపల ఎక్కడ ఉరుములతో వానకి అవకాశం ఉందన్నా ఆ రోజు దిగొద్దు. నడుస్తున్నప్పుడు గోడల వైపు చూస్తుండండి. తలకన్నా ఎత్తున పగుళ్లలో ఇరుక్కున్న కర్రలు, గడ్డిపోచలు కనిపిస్తే, పాత వరద అంత ఎత్తున పోయిందన్నమాట. రెండు పక్కలా ఎక్కి తప్పించుకునే చోటు లేని ఇరుకు భాగం మొదలయ్యే ముందు ఆగి, ఆకాశం చూసి, ఆ భాగం దాటడానికి ఎంతసేపు పడుతుందో లెక్కేసుకుని అప్పుడు కదలండి. తేటగా ఉన్న నీళ్లు బురదగా మారడం, చెత్త తేలుతూ రావడం, ఎగువ నుంచి రైలులాంటి హోరు, వీటిలో ఏది కనిపించినా వినిపించినా వెంటనే పైకి. కిందికి పరిగెత్తి వరదని దాటలేరు. బ్యాగు గురించి ఆలోచించొద్దు.

ఎండ పడని మడుగులు ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటాయి. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడి లాగేస్తుంది. ఛాతీ లోతు మడుగు దాటి తడిబట్టలతో గాలిలో నడిస్తే వేళ్లు మొద్దుబారతాయి, ఆ తర్వాత వచ్చే మెట్టు దిగడానికి కావలసింది ఆ వేళ్లే. మడుగు కనిపిస్తే దాటడం ఒక్కటే ఆలోచించకండి, దాని అవతలి ఒడ్డు కూడా చూడండి. నున్నటి గిన్నెలాంటి గుంటల్లో నీటిమట్టం తగ్గితే ఈదగలిగినా అంచు అందదు.

ఇద్దరే వెళ్లడంలో ఉన్న చిక్కు ఒకరి చీలమండ మెలితిరిగినప్పుడు బయటపడుతుంది. నలుగురుంటే ఒకరు గాయపడ్డవారి దగ్గర ఉంటారు, ఇద్దరు కబురుకి వెళ్తారు. ఇద్దరిలో ఒకరు వెళ్తే గాయపడ్డవాడు ఒంటరి, వెళ్లేవాడూ ఒంటరి. అందుకే ఫోన్ సిగ్నల్ లేని చోటా కబురు పంపే శాటిలైట్ మెసెంజర్‌గానీ, ఆపద సంకేతం పంపే అత్యవసర బీకన్‌గానీ ఉంటే తప్ప ఇద్దరే వెళ్లొద్దంటాను. అది ఉన్నా ఇరుకు గోడల మధ్య ఆకాశం సన్నటి చీలికలా ఉన్నచోట సిగ్నల్ అందకపోవచ్చు. ఆ గోడలే జీపీఎస్ స్థానాన్ని కూడా తప్పు చూపిస్తాయి. ఆకాశం విశాలంగా కనిపించిన చోట్లు గుర్తుపెట్టుకుంటూ వెళ్లండి, పంపాల్సి వస్తే అక్కడికి చేరాలి. బయట ఒక మనిషికి మీ రూటు, ఏ గంటకల్లా కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది రాసి ఇవ్వండి. అనుమతి అవసరమైన చోటైతే అది తీసుకోవడం ఎలాగూ ఉంది. ఈల ఇద్దరి మెడలోనూ ఉండాలి. పర్వతాల్లో ఆపద సంకేతం నిమిషానికి ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ. విన్నవాళ్ల జవాబు నిమిషానికి మూడుసార్లు. ఉత్తర అమెరికాలో మూడు ఈలలనే ఆపదగా తీసుకుంటారు.

నీళ్లు, హెడ్‌ల్యాంప్, వెచ్చటి పొర, మ్యాప్ ఇవి ఎవరివి వారి బ్యాగులోనే. "అది నీ దగ్గరుంది, ఇది నా దగ్గరుంది" అని పంచుకున్న సామాను, ఒకరు డ్రాప్ పైన, ఒకరు కింద విడిపోయినప్పుడు ఇద్దరికీ లేనట్టే.

ఇంకొకటి, స్నేహం వల్ల వచ్చే ఇబ్బంది. మీకు భయమేస్తోంది, అతను హుషారుగా ఉన్నాడు, మొహమాటానికి "సరే" అంటారు. అతనికీ లోపల అనుమానం ఉండి ఉంటుంది, మీరు సరే అన్నారు కదా అని ఊరుకుంటాడు. ఇద్దరికీ ఇష్టం లేని చోటికి ఇద్దరూ దిగుతారు. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే. ప్రతి మెట్టు దగ్గరా తక్కువ నైపుణ్యం ఉన్నవాళ్లు ముందు మాట్లాడాలి, వాళ్లు వద్దంటే కారణం అడగకుండా వెనక్కి తిరగాలి. ఇది బయల్దేరే ముందే, బూట్లు కట్టుకోకముందే మాట్లాడుకోండి. డ్రాప్ అంచున నిలబడి మొదలుపెడితే అది వాదన అవుతుంది.

బూట్ల గురించి రెండు మాటలు: మెత్తటి, బాగా పట్టుండే రబ్బరు అడుగుతో ఉన్న అప్రోచ్ షూస్ మంచివి, బరువైన ట్రెక్కింగ్ బూట్లతో నున్నటి బండ మీద పాదానికి ఏమీ తెలియదు. నాచు మీద ఏ రబ్బరూ పనిచేయదు. కంటికి కనపడని అంచు మీదికి చెయ్యి పెట్టకండి, అక్కడ పాములుండవచ్చు.

మీ మ్యాప్‌లో కాంటూర్ గీతల మధ్య తేడా ఎంత, రాయి ఇసుకరాయా సున్నపురాయా గ్రానైటా, పరీవాహక ప్రాంతం ఎంత మేర ఉంది, ఈ మూడూ రాయండి. ఎదురెక్కుతూ వెళ్తే మొదటి ఆటంకం సుమారుగా ఎక్కడ రావచ్చో చూసి చెప్తాను.